ఎలుకల మందు నుంచి నానోవైర్ల దాకా: చేయవలసినవి, చేయకూడనివి

వరి చేలలో ఎలుకల బెడద పెరిగితే సంగారెడ్డి జిల్లా కల్హేర్ రైతుకు ఏం చేయాలో తెలుసు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు నల్లటి పొడి కలిపి, పొట్లాలు కట్టి బొరియల్లో పెడతాడు. ఆ పొడి జింక్ ఫాస్ఫైడ్. ఎలుక కడుపులోని ఆమ్లం తగలగానే అందులోంచి ఫాస్ఫిన్ అనే విషవాయువు పుడుతుంది. ధాన్యం గోదాముల్లో పురుగు పట్టకుండా బస్తాల మధ్య పెట్టే మాత్రల నుంచి వచ్చేదీ అదే ఫాస్ఫిన్.

ఆ జింక్ ఫాస్ఫైడే ఒక అర్ధవాహకం, అంటే సెమీకండక్టర్, కూడా. సూర్యకాంతిని బాగా పీల్చుకుంటుంది, వేడిని కరెంటుగా మార్చే పరికరాలకూ పనికొస్తుంది. అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో శ్రీరామ్ వడ్డిరాజు బృందం ఈ పదార్థాన్ని వెంట్రుకలో వెయ్యో వంతు మందం ఉండే తీగలుగా, అంటే నానోవైర్లుగా, పెద్ద మొత్తంలో పెంచే పద్ధతులపై పనిచేసి 2013లో ఫలితాలు ప్రచురించింది. తడిగాలికీ ఆమ్లానికీ ఆ తీగలు చెడిపోకుండా, తయారీ సమయంలోనే వాటి మీద ఒక సేంద్రియ పూత వేయడం అందులో ముఖ్యాంశం. వడ్డిరాజు అంతకుముందు లూయీవిల్ విశ్వవిద్యాలయంలో మహేంద్ర సుంకర దగ్గర పరిశోధన చేశారు. సుంకర ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, నానోవైర్లను గ్రాముల స్థాయి దాటించడానికి ఏళ్ల తరబడి కృషి చేసినవారు.

కల్హేర్‌లో నానోవైర్ల ల్యాబు లేదు. కానీ మన సంగారెడ్డి జిల్లాలోనే కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. 2021 డిసెంబరులో కేంద్రం 76,000 కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ పథకం ప్రకటించినప్పటి నుంచి డిప్లొమా, బీఎస్సీ, బీటెక్ చదివిన మన పిల్లలకు క్లీన్‌రూముల్లో, పదార్థాల ల్యాబుల్లో పని దొరికే దారులు తెరుచుకుంటున్నాయి. నారాయణఖేడ్ నుంచో కల్హేర్ నుంచో అలాంటి చోటికి మొదటిసారి వెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాను. ఎలుకల మందు కలిపేటప్పుడు గాలి వాలు చూసి నిలబడాలని, చేతులకు తొడుగు వేసుకోవాలని, పిల్లల్ని దూరంగా ఉంచాలని మీ ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. ఆ భయభక్తులు ల్యాబులోకి కూడా తీసుకెళ్లండి. అక్కడ అవి మరీ అవసరం.

మొదట లెక్క వేయండి

నానోవైర్ల భద్రత గురించి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. మిల్లీగ్రాములతో చేసినప్పుడు సరిపోయిన జాగ్రత్త గ్రాములకు సరిపోదు, గ్రాములకు సరిపోయింది కిలోలకు సరిపోదు. పరిశోధన విజయవంతమై మోతాదు పెంచే రోజే అన్నిటికంటే ప్రమాదకరమైన రోజు. ఎందుకంటే అప్పటికి ఆ పని అందరికీ అలవాటైపోయి ఉంటుంది.

ఉదాహరణకు ఒక గ్రాము జింక్ ఫాస్ఫైడ్ నానోవైర్లు పొరపాటున ఆమ్లంలో పడి పూర్తిగా కరిగాయనుకోండి. సుమారు 190 మిల్లీలీటర్ల ఫాస్ఫిన్ వస్తుంది. ఆరు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదిలో అది సమంగా కలిస్తే గాలిలో దాదాపు 2 పీపీఎం. ఎనిమిది గంటల పనికి అమెరికా చట్టం అనుమతించే హద్దు 0.3 పీపీఎం మాత్రమే. అంటే ఒక్క గ్రాముకే ఏడింతలు. అదే గదిలో 25 గ్రాములు కరిగితే 50 పీపీఎం దాటుతుంది. మనిషి ప్రాణానికి వెంటనే ముప్పు అని నిపుణులు గీసిన గీత అదే. పైగా ఈ లెక్క వాయువు గదంతా సమంగా పరుచుకుందని వేసినది. బీకరు మీద వంగి చూస్తున్నవాడి ముక్కు దగ్గర అంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది.

కాబట్టి మోతాదు మార్చే ప్రతిసారీ కాగితం మీద ఈ లెక్క వేయండి: ఉన్న పదార్థమంతా ఒక్కసారిగా వాయువైతే ఎంత, గది ఎంత, హద్దు ఎంత. వేసిన కాగితాన్ని గైడుకు చూపించి సంతకం తీసుకోండి. లెక్క తేలకపోతే ఆ రోజు పని మొదలుపెట్టకండి.

జింక్ ఫాస్ఫైడ్ వ్యర్థాలను ఆమ్లాల సీసాలో ఎప్పుడూ వేయకండి. ఆ సీసా మీద "యాసిడ్ వేస్ట్" అని రాసి ఉంటే దాని పక్కన కూడా పెట్టకండి. ఫాస్ఫిన్‌కు వెల్లుల్లి వాసన, కుళ్లిన చేప వాసన ఉంటాయంటారు. ఆ వాసన ఎక్కువగా మలినాల వల్ల వచ్చేది, శుద్ధమైన ఫాస్ఫిన్‌కు వాసన దాదాపు ఉండదు. వాసన రాలేదు కనుక గాలి బాగుందని అనుకోకండి. డిటెక్టర్ చెప్పినదే నమ్మండి, డిటెక్టర్‌ను ఎప్పుడు సరిచూశారో దాని మీది చీటీలో చదవండి.

ఫర్నేస్ తెరిచే ముందు

ఫాస్ఫైడ్ తీగలను పెంచే పద్ధతుల్లో ఎర్ర భాస్వరాన్ని వేడిచేసి ఆవిరిగా మార్చి, ఆ ఆవిరిని జింక్ మీదికి పంపడం ఒకటి. ఎర్ర భాస్వరం మామూలుగా సాధువైన పదార్థమే, అగ్గిపెట్టె పక్కన పట్టీలో వాడేది అదే. కానీ దాని ఆవిరి ఫర్నేస్ గొట్టపు చల్లటి కొసకు చేరి గడ్డకట్టినప్పుడు తెల్ల భాస్వరంగా మారవచ్చు. తెల్ల భాస్వరం 30 డిగ్రీల సెల్సియస్ దాటగానే గాలిలో తనంతట తాను అంటుకుంటుంది. మన వేసవిలో ల్యాబు ఏసీ ఒక్క గంట ఆగితే గది ఆ వేడికి చేరుతుంది. చాలామంది కొత్తవాళ్లకు ఇది ఎవరూ చెప్పరు. ఫర్నేస్ చల్లారింది, ప్రమాదం తీరింది అనుకుంటారు. నిజానికి చల్లారాక తెరిచేటప్పుడే ప్రమాదం మొదలవుతుంది.

గొట్టాన్ని ఆర్గాన్‌తోనో నైట్రోజన్‌తోనో బాగా కడిగాక, వీలైతే గ్లవ్‌బాక్సులోనే తెరవండి. కొస దగ్గర తెల్లటి, పసుపుపచ్చటి మైనం లాంటి పూత కనిపిస్తే చేత్తో గీకకండి, టిష్యూ కాగితంతో తుడవకండి, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయకండి. పొడి ఇసుక బకెట్ చేతికందే దూరంలో ఉండాలి. తెల్ల భాస్వరం చర్మం మీద పడితే ఆ భాగాన్ని నీళ్లలో ముంచి ఉంచండి, లేదా తడిగుడ్డ కప్పి ఆసుపత్రికి చేరేదాకా ఆరనివ్వకండి. ఆరితే మళ్లీ అంటుకుంటుంది.

సైలేన్ సంగతి

సిలికాన్ నానోవైర్ల కథ 1964లో మొదలైందని చెప్పవచ్చు. బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ అనే ఇద్దరు, కరిగిన బంగారపు బొట్టు కింద సిలికాన్ మీసాలు మొలుస్తాయని చూపించారు. బంగారం, సిలికాన్ కలిస్తే 363 డిగ్రీలకే ద్రవమవుతాయి. ఆ బొట్టులోకి వాయువు నుంచి సిలికాన్ దిగి, కింద తీగగా గడ్డకడుతుంది. ఈనాటి ల్యాబుల్లో ఆ వాయువు తరచుగా సైలేన్.

సైలేన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు, గాలి తగిలితే చాలు మండుతుంది. అంతకంటే చెడ్డ సంగతి, ఒక్కోసారి వెంటనే మండదు. గాలిలో 1.4 శాతం దాటి పోగయ్యాక ఒక్కసారిగా పేలుతుంది. 1991 అక్టోబరు 2న జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో సైలేన్ సిలిండర్ పేలి ఇద్దరు మరణించారు. నైట్రస్ ఆక్సైడ్ అనే మరో వాయువు, పాడైన ఒక చెక్ వాల్వు గుండా వెనక్కి మళ్లి సైలేన్ సిలిండర్‌లోకి చేరింది. రెండు గొట్టాలనూ కడగడానికి ఒకే నైట్రోజన్ లైను వాడటం వల్ల వాటి మధ్య దారి ఏర్పడింది. ఆ వాల్వులో అరిగిపోయిన ఒక రబ్బరు వలయం రెండు ప్రాణాలు తీసింది.

అందుకని మండే వాయువుకూ మంటను పోషించే వాయువుకూ గొట్టాలు కడిగే పర్జ్ లైన్లు వేర్వేరుగా ఉన్నాయా అని మొదటి రోజే అడగండి. అడగడానికి మొహమాటపడకండి. గొట్టాల పటం గోడ మీద ఉండాలి, లేకపోతే మీరే గీసి గైడుకు చూపించి సరిచూసుకోండి. చెక్ వాల్వు ఉందిగా అని ధీమా పడవద్దు, దాని రబ్బరు ఎప్పుడు మార్చారో చూడండి. సైలేన్ సిలిండర్ పొగగొట్టం ఉన్న క్యాబినెట్‌లోనే ఉండాలి, దూరం నుంచి కట్టేసే వాల్వు ఉండాలి. లీకైన సైలేన్ మండుతుంటే మంట ఆర్పే ప్రయత్నం చేయకండి. ముందు వాయువును ఆపండి, ఆపలేకపోతే మనుషుల్ని ఖాళీ చేయించండి. వాయువు వస్తుండగా మంట ఆర్పితే అది పోగై పేలుతుంది.

సిలికాన్ గుణం మార్చడానికి కలిపే డోపింగ్ వాయువులు ఫాస్ఫిన్, డైబోరేన్, ఆర్సీన్. ఫాస్ఫిన్ గురించి చెప్పాను. ఆర్సీన్ ఇంకా ఘోరం, దాని పనివేళ హద్దు 0.05 పీపీఎం, రక్తకణాలను బద్దలుకొడుతుంది. ఎన్95 మాస్కు ఈ వాయువుల్లో దేనినీ ఆపదు. కోవిడ్ రోజుల నుంచి మనకు ఆ మాస్కు మీద గొప్ప నమ్మకం కుదిరింది. అది రేణువులకు మాత్రమే.

ఏ సిలిండర్‌నైనా గొలుసుతో గోడకు కట్టండి, టోపీ లేకుండా కదపకండి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 2018 డిసెంబరులో గ్యాస్ సిలిండర్ పేలుడుకు ఒక యువ పరిశోధకుడు బలయ్యాడు. ఎంత పేరున్న సంస్థ అయినా సిలిండర్‌కు తేడా తెలియదు.

హెచ్‌ఎఫ్ ఉన్న బల్ల దగ్గర

సిలికాన్ నానోవైర్లను చవకగా, వేఫర్ల కొద్దీ తయారుచేయాలంటే వాయువుల కన్నా ఆమ్లమే సులువు. వేఫర్ అనే పలచటి సిలికాన్ పలక మీద వెండి రేణువులు చల్లి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమంలో ముంచితే, వెండి ఉన్నచోటల్లా సిలికాన్ కిందికి తినబడి, మిగిలినది తీగలుగా నిలుస్తుంది. ఫర్నేస్ లేదు, సైలేన్ లేదు. అందువల్ల చిన్న కాలేజీల్లో కూడా ఈ పద్ధతి వాడతారు. నాకు ఎక్కువ భయం వేసేది ఇక్కడే. పరికరాలు లేని చోట శిక్షణ కూడా తక్కువగా ఉంటుంది.

ల్యాబులో అందరూ హెచ్‌ఎఫ్ అని పిలిచే ఈ ఆమ్లం మిగతా ఆమ్లాల్లా వెంటనే కాల్చదు. 20 శాతం కన్నా పలచనిదైతే నొప్పి ఒక రోజు ఆలస్యంగా కూడా తెలియవచ్చు. ఈలోగా అది చర్మం దాటి లోపలికి వెళ్లి, ఒంట్లోని కాల్షియంను పట్టేస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పి ఆగిపోగలదు. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది.

చేయండి:

పని మొదలుపెట్టే ముందు 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు బల్ల మీద ఉందో లేదో, గడువు దాటిందో లేదో చూసుకోండి. అది లేకపోతే హెచ్‌ఎఫ్ సీసా మూత తీయకండి.

మందపాటి నియోప్రీన్ గ్లవ్స్ లోపల నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. ముఖానికి షీల్డు, ఒంటికి ఆమ్లం పట్టని ఏప్రాన్, కాళ్లకు మూసి ఉన్న బూట్లు.

రెండో మనిషి గదిలో ఉండాలి. ఆ మనిషికి హెచ్‌ఎఫ్ చికిత్స తెలిసి ఉండాలి.

చేయకండి:

గాజు బీకరులో పోయకండి, హెచ్‌ఎఫ్ గాజును తినేస్తుంది. ప్లాస్టిక్ పాత్రలే వాడాలి.

పెరాక్సైడ్ కలిసిన వ్యర్థాన్ని బిగుతు మూతతో నిల్వ చేయకండి. ఆక్సిజన్ ఊరుతూ సీసా పగులుతుంది. గాలి వదిలే మూత ఉన్న సీసాలే వాడండి.

వేఫర్ శుభ్రం చేసే పిరానా ద్రావణం, అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం, పెరాక్సైడ్ కలిపినది, అసిటోన్ లాంటి ద్రావకాల దరిదాపులకు తేవద్దు. కలిపేటప్పుడు పెరాక్సైడ్‌ను నెమ్మదిగా ఆమ్లంలోకి పోయాలి, ఆమ్లాన్ని పెరాక్సైడ్‌లోకి పోయకూడదు.

రాత్రి పదింటి తర్వాత ఒంటరిగా ఎచింగ్, అంటే హెచ్‌ఎఫ్‌తో వేఫర్‌ను తొలిచే పని, చేయవద్దు. "ఒక్క వేఫరే కదా అన్నా" అని తమ్ముళ్లు అంటుంటారు. ఆ ఒక్క వేఫర్ తెల్లారి చేసుకోవచ్చు.

ఎండిన తీగలు

తీగ ద్రవంలో ఉన్నంతసేపు ఊపిరితిత్తులకు దాదాపు భయం లేదు. ఎండి పొడిగా మారాక, తూకం వేసేటప్పుడు, గీకి తీసేటప్పుడు, బిళ్లగా నొక్కడానికి అచ్చులో పోసేటప్పుడు అది గాల్లోకి లేస్తుంది. నానోవైరు సన్నగా పొడవుగా ఉండటమే దానితో చిక్కు. ఊపిరితిత్తుల్లో చెత్తను మింగే కణాలు గుండ్రటి రేణువును మింగగలవు, పొడవైన పోగును మింగలేవు. ఆస్‌బెస్టాస్ రోగాలకు మూలం ఈ పొడవే. 2008లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు పొడవాటి కార్బన్ నానోట్యూబులు ఎలుకల్లో ఆస్‌బెస్టాస్ లాంటి వాపు తెస్తాయని చూపించారు. 2012లో అదే నగరం నుంచి వెండి నానోవైర్ల మీద వచ్చిన పరిశోధనలో, ఊపిరితిత్తుల పొర దగ్గర 5 మైక్రాన్ల పైబడిన తీగలు వాపు రేపాయి. మన పరికరాలకు కావలసిన తీగలు సాధారణంగా అంతకన్నా పొడవైనవే.

కార్బన్ నానోట్యూబులకు అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ 2013లో సూచించిన హద్దు ఘనపు మీటరు గాలికి ఒక మైక్రోగ్రాము. మన తీగలకూ అదే హద్దనుకుని పనిచేయడం మంచిది. ఆ లెక్కన ఒక గ్రాము పొడి పది లక్షల ఘనపు మీటర్ల గాలిని హద్దు దాకా పాడుచేయగలదు. ఇందాక చెప్పిన గది లాంటివి పదకొండు వేలు.

తూకం వేసే త్రాసు ఫ్యూమ్ హుడ్‌లోనో గ్లవ్‌బాక్సులోనో ఉండాలి. వీలైనంత వరకు పొడిని ఎండనివ్వకుండా ద్రవంలోనే ఒక పాత్ర నుంచి మరో పాత్రకు మార్చండి. బల్లను తడిగుడ్డతో తుడవండి. చీపురు వద్దు, ఇంటి వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు. దాని సంచిలోంచి సన్నటి తీగలన్నీ వెనకనుంచి గదిలోకే వస్తాయి. హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ మాత్రమే వాడాలి. గాలి గొట్టంతో ఊదకండి.

పొడి పోగైనప్పుడు ఊపిరితిత్తులతో పాటు నిప్పు గురించి కూడా ఆలోచించాలి. 2025 జూన్ 30న మన జిల్లాలోనే పాశమైలారంలో, సెల్యులోజ్ పొడి తయారుచేసే కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. సెల్యులోజ్ అంటే చెక్క గుజ్జు, దూది లాంటి పదార్థం. విషమూ కాదు, ఆమ్లమూ కాదు. అంత మామూలు పదార్థమైనా సన్నటి పొడిగా గాల్లో లేచి నిప్పు తగిలితే పేలగలదు. సిలికాన్, జింక్ లాంటివి నానో స్థాయికి సన్నబడితే మరింత సులువుగా అంటుకుంటాయి. కిలోల్లో పొడి చేసే చోట యంత్రాలన్నిటికీ ఎర్తింగ్ ఉండాలి, దూలాల మీద, పైపుల మీద పొడి పేరుకోకూడదు, పొడి యంత్రాల పక్కనే అంతమంది మనుషులు కూర్చుని పనిచేయకూడదు. ఈ మూడింటిలో ఒకటి లోపించినా ఆ కంపెనీలో చేరకండని మన పిల్లలకు చెబుతున్నాను.

వేఫర్ మీద పేర్చేటప్పుడు

పెంచిన తీగలు గడ్డివాములా చిక్కుపడి ఉంటాయి. వాటిని ఒకే దిశలో వరుసగా పేర్చడమే ఈ రంగంలో అసలు కష్టం. హార్వర్డ్‌లో లీబర్ బృందం 2001లో సన్నటి కాలువల్లో ద్రవం పారించి తీగలను వరుసపెట్టింది. బర్క్‌లీలో జావే బృందం 2008లో తీగలు మొలిచిన పలకను మరో వేఫర్ మీద బోర్లించి నొక్కి జరిపి, వేఫరంతా వరుసలు దించింది. రాపిడికి తీగలు ముక్కలు కాకుండా మధ్యలో ఆక్టేన్, మినరల్ ఆయిల్ కలిపిన నూనె రాసింది. ఆ నూనె తీగను కాపాడుతుంది, ముక్కలు గాల్లోకి లేవకుండా మనిషినీ కాపాడుతుంది. కానీ ఆక్టేన్ 13 డిగ్రీలకే నిప్పంటుకునే ఆవిరి ఇస్తుంది, తెలంగాణలో గది సాధారణంగా అంత చల్లగా ఉండదు. హాట్‌ప్లేట్‌ను పక్క బల్ల మీదికి మార్చండి.

కరెంటు క్షేత్రంతో తీగలను ఎలక్ట్రోడ్ల మధ్యకు లాగే పద్ధతిలో తీగలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తేలుతుంటాయి. వోల్టేజీ తక్కువేనని నిర్లక్ష్యం వద్దు, ఆల్కహాల్ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. ముందు కరెంటు ఆపి, తర్వాతే ప్రోబు కదపండి. నీటి మీద తీగలను పొరగా పరిచే పద్ధతిలో క్లోరోఫామ్ వాడితే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. క్లోరోఫామ్ వ్యర్థంలో అసిటోన్ కలపకండి, క్షారం తగిలితే ఆ జంట పేలుతుంది.

ల్యాబు నుంచి ఇంటికి

ల్యాబు కోటు ల్యాబులోనే ఉండాలి. శనివారం సాయంత్రం నారాయణఖేడ్ బస్సెక్కేటప్పుడు దాన్ని సంచిలో పెట్టుకుని, అమ్మ ఉతికే బట్టల్లో వేయకండి. ఆస్‌బెస్టాస్ కార్మికుల ఇళ్లలో వాళ్ల బట్టలు ఉతికిన భార్యలకు కూడా జబ్బులు వచ్చిన చరిత్ర ఉంది. గ్లవ్స్‌తో తలుపు పిడి, ఫోను, లిఫ్టు బటన్ ముట్టుకోకండి. తీగలు అంటిన టిష్యూలు, గ్లవ్స్ రెండు సంచుల్లో మూసి, పదార్థం పేరు, తేదీ రాసి ప్రమాదకర వ్యర్థాల పెట్టెలో వేయండి. అవి దుండిగల్‌లో ఉన్నటువంటి శుద్ధి కేంద్రానికి వెళ్లాలి. సింకులో పోయకండి, కాల్చకండి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం నానో మిషన్ ల్యాబులకూ పరిశ్రమలకూ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ల్యాబులో ఆ ప్రతి ఎక్కడుందో అడిగి చదవండి.

ఏదైనా జరిగితే

హెచ్‌ఎఫ్ పడితే బట్టలు విప్పి అయిదు నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, గ్లవ్స్ వేసుకున్న చేత్తో జెల్ రుద్దుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి లేదని ఆగకండి. వాయువు పీల్చి ఎవరైనా పడిపోతే, శ్వాస పరికరం లేకుండా కాపాడటానికి లోపలికి పరుగెత్తకండి. అలా వెళ్లిన రెండోవాడు కూడా పడిపోతాడు. అలారం కొట్టి, 101కి, 108కి ఫోన్ చేయండి. ఫోన్‌లో మొదట చెప్పాల్సింది రసాయనం పేరు. ఆ రసాయనం భద్రతా పత్రం ఒక ప్రతి బల్ల దగ్గరే ఉంచి, రోగితో పాటు పంపండి. ఫాస్ఫిన్‌కు విరుగుడు మందు లేదు, ఆర్సీన్‌కూ లేదు. హెచ్‌ఎఫ్‌కు కాల్షియం ఉంది, కానీ తగిలింది హెచ్‌ఎఫ్ అని తెలిస్తేనే డాక్టరు దాన్ని ఇవ్వగలడు.